ఆ కార్లకి రెండు జతల కాళ్లు!

మూడొందల హార్స్‌పవర్ ఇంజిను. అయిదు సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం. చూసినవాళ్లు కళ్లు తిప్పుకోలేని అల్లాయ్ చక్రాలు. అన్నీ ఉన్నా... రోడ్డు మీద వేలెడు మంచు పడితే చాలు, ఆ కారు పక్కింటి పాత డబ్బా కారు కంటే అధ్వానంగా జారుతుంది. అందుకే చలి దేశాల్లో స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లు దాంతోపాటే ఇంకో జత చక్రాలు కూడా కొంటారు. ఆ జతను ఎంచుకోవడం ఓ పెద్ద చదువే!

చలికాలం వస్తోందంటే మనం అటక మీంచి స్వెట్టర్లూ, రగ్గులూ దించుతాం. జర్మనీలో చక్రాలు దించుతారు. అక్టోబరు వచ్చిందంటే అక్కడి టైర్ల దుకాణాల ముందు కార్లు బారులు తీరతాయి. వేసవి చక్రాలు విప్పి, చలికాలం చక్రాలు బిగించుకుని వెళ్తాయి. ఈస్టర్ పండగ దాటాక మళ్లీ అదే వరస. దీనికి వాళ్లు పెట్టుకున్న బండగుర్తు 'ఓ నుంచి ఓ దాకా'. మొదటి 'ఓ' అక్టోబరు, రెండోది ఓస్టర్న్. అంటే జర్మన్ భాషలో ఈస్టర్.

మామూలు కార్లకైతే ఇది మన ఇళ్లలో ఏసీ సర్వీసింగు లాంటి వ్యవహారం. ఫలానా సైజు అని చెబితే దుకాణంవాడే బిగించి పంపిస్తాడు. పోర్షా 911, బీఎండబ్ల్యూ ఎం3, ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్... ఇలాంటి దూకుడు కార్ల దగ్గరకొచ్చేసరికే అసలు తిప్పలు. కారుకి అందం తెచ్చే పెద్ద చక్రం చలిలో పనికిరాదు. పనికొచ్చే చక్రం కంటికి ఆనదు. పోనీ కదా అని చిన్న చక్రం తెస్తే లోపలున్న పెద్ద బ్రేకు పట్టదు.

కొబ్బరినూనె సూత్రం

సంక్రాంతి నెలలో పొద్దున్నే కొబ్బరినూనె సీసా తీస్తే ఏమవుతుంది? గడ్డ కట్టి ఉంటుంది. కాసేపు ఎండలో పెడితే కరుగుతుంది. టైరులోని రబ్బరు నూనెలా గడ్డకట్టకపోయినా, చలికి బిగుసుకుపోయే గుణం మాత్రం దానికీ ఉంది. మెత్తగా ఉన్నంతసేపూ అది రోడ్డు మీద ఉండే సన్నటి గరుకుల్లోకి ఒదిగిపోయి పట్టు సంపాదిస్తుంది. బిగుసుకుందంటే గట్టి ప్లాస్టిక్కులా మారి, రోడ్డు మీద పాకుతుంది.

దూకుడు కార్లకు వేసే వేసవి టైర్లది మరీ విచిత్రమైన పరిస్థితి. గంటకు 250 కిలోమీటర్ల వేగంలో మలుపు తిరిగినా, టైరు సలసల కాగినా పట్టు చెదరకుండా ఉండేలా ఆ రబ్బరు మిశ్రమాన్ని తయారుచేస్తారు. వేడిలో వరమైన ఆ గుణమే చలిలో శాపం. ఇలాంటి టైర్లతో వచ్చే షెవ్రొలే కార్వెట్ లాంటి కార్ల యజమానులకు కంపెనీ ఓ హెచ్చరిక చేస్తుంది: ఉష్ణోగ్రత మైనస్ 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే వాటితో కారు నడపొద్దు, అసలు కదపనేవద్దు అని. అంత చలిలో ట్రెడ్డు మీది రబ్బరు పగుళ్లు ఇచ్చే ప్రమాదం ఉంది మరి!

చలికాలం టైరు కథ వేరు. దాని రబ్బరులో సిలికా పాళ్లు, నూనెలు, రెజిన్లు చలికి బిగుసుకోకుండా ఉండేలా కలుపుతారు. సాధారణంగా 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే ఈ టైర్లకు మారమని కంపెనీలు చెబుతుంటాయి. ఏడు అన్నది గీత గీసినట్టు ఉండేదేం కాదు, అదో బండగుర్తు. టైరుని బట్టీ, రోడ్డు తడిని బట్టీ అది కాస్త అటూ ఇటూ అవుతుంది.

రెండో తేడా కంటికి కనపడేది. చలికాలం టైరు ట్రెడ్డు దిమ్మల మీద కత్తితో గాట్లు పెట్టినట్టు వందలకొద్దీ సన్నటి కోతలుంటాయి. వీటిని సైపులంటారు. టైరు తిరుగుతున్నప్పుడు ఇవి కొద్దికొద్దిగా విచ్చుకుని మంచుని కొరికి పట్టుకుంటాయి. మంచుకు మంచు బాగా అతుక్కుంటుంది. పిల్లలు చేసే మంచుబంతి ముద్దగా నిలబడేది అందుకే. అలా కోతల్లోనూ గాడుల్లోనూ ఇరుక్కున్న మంచు, కింద పరుచుకున్న మంచుని పట్టుకుని కారుని ఆపుతుంది.

పరుగు సరే... ఆగేదెలా?

'నా కారులో నాలుగు చక్రాలకూ ఇంజిను శక్తి అందుతుంది, నాకేం భయం?' అనుకునేవాళ్లు ఎక్కువే. ప్రమాదమంతా ఆ ధీమాలోనే ఉంది. నాలుగు చక్రాలూ తిరిగితే కారు మంచులోంచి సులువుగా కదులుతుంది, నిజమే. ఆగేటప్పుడు మాత్రం ఆ వసతి పెద్దగా అక్కరకు రాదు. బ్రేకు ఎలాగూ ప్రతి కారులోనూ నాలుగు చక్రాలకూ ఉంటుంది. ఏబీఎస్ చక్రం బిగుసుకోకుండా చూస్తుందే కానీ, లేని పట్టుని సృష్టించలేదు. టన్నున్నర బరువున్న కారుకీ నేలకీ మధ్య ఉండే బంధమల్లా ఇంచుమించు అరచేయంత వెడల్పున్న నాలుగు రబ్బరు ముక్కలే!

భౌతికశాస్త్రం లెక్క వేస్తే సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. గంటకు 50 కి.మీ. వేగంలో బ్రేకు నొక్కారు. పొడి రోడ్డు మీద పట్టు 0.8 అనుకుంటే కారు 12 మీటర్లలో ఆగుతుంది. క్రికెట్ పిచ్‌లో సగానికి కాస్త ఎక్కువ. గట్టిపడిన మంచు మీద పట్టు 0.2కి పడిపోతే ఆ దూరం దాదాపు 50 మీటర్లు, అంటే రెండున్నర పిచ్‌లు. అద్దంలా మెరిసే మంచుగడ్డ మీద 0.1 అయితే వంద మీటర్ల దాకా పోతుంది. డ్రైవరు తేరుకుని బ్రేకు మీద కాలు వేసేలోపు వెళ్లే దూరం దీనికి అదనం. టైరు వల్ల పట్టు రెట్టింపైతే ఆగే దూరం సగమవుతుంది. రోడ్డు దాటుతున్న పసివాడికీ కారుకీ మధ్య ఆ సగం దూరమే ప్రాణాధారం.

ఇంకోమాట... మారిస్తే నాలుగూ మార్చాలి. ఇంజిను శక్తి వెళ్లే రెండు చక్రాలకే చలి టైర్లు వేస్తే ఖర్చు తగ్గుతుందేమో కానీ, ముప్పు పెరుగుతుంది. ముందు టైర్లు పట్టుకుని వెనకవి జారితే మలుపులో కారు బొంగరంలా తిరిగిపోతుంది.

పెద్ద చక్రమా... చిన్న చక్రమా?

ఇక అసలు చిక్కుముడి. టైరు పక్కన 225/40 ఆర్18 అని రాసి ఉంటుంది. ఇందులో 225 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 40 అంటే టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 40 శాతం అని. ఆర్ అంటే రేడియల్. 18 లోపలి రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. మన ఇళ్లముందున్న కారు టైరు మీదా ఇలాంటి అంకెలే ఉంటాయి, ఓసారి చూడండి.

2013లో వచ్చిన ఏడో తరం గోల్ఫ్ ఆర్‌నే తీసుకుందాం. 300 హార్స్‌పవర్ స్థాయి కారు. దీనికి 225/40 ఆర్18 టైర్లు వచ్చేవి. హంగు కోరుకునేవాళ్లకు 235/35 ఆర్19. ఈ రెండో రకంలో టైరు పక్కగోడ ఎత్తు 82 మిల్లీమీటర్లే. పద్దెనిమిది అంగుళాల చక్రానికైతే 90. పదిహేడుకి దిగి 225/45 ఆర్17 వేస్తే 101 మి.మీ. రిమ్ము చిన్నదైనా రబ్బరు పెరిగింది కాబట్టి మొత్తం చక్రం ఎత్తు దాదాపు అంతే ఉంటుంది. పద్దెనిమిదికీ పదిహేడుకీ మధ్య తేడా మూడు మిల్లీమీటర్లు. అందుకే స్పీడోమీటరు లెక్క తప్పదు.

ఆ రెండు సెంటీమీటర్ల అదనపు రబ్బరుతో ఒరిగేదేంటంటారా? మంచు కింద గుంత కనపడదు. పలచటి పక్కగోడ ఉన్న టైరు అందులో పడితే ఆ దెబ్బ నేరుగా రిమ్ముకి తగులుతుంది. రిమ్ము వంగుతుంది, లేదా టైరు చిట్లుతుంది. ఎత్తయిన పక్కగోడ ఆ దెబ్బని తాను తింటుంది. పైగా చిన్న సైజు టైరు ధర కూడా సాధారణంగా తక్కువే.

వెడల్పు విషయంలోనూ అంతే. వెడల్పాటి టైరు లోతైన మంచు మీద తేలిపోతుంది. సన్నటిది మంచుని చీల్చుకుని కిందికి దిగుతుంది. అలాగని మరీ సన్నటిది వేస్తే, మంచులేని పొడి రోడ్డు మీద వేగంగా వెళ్లేటప్పుడు పట్టు తగ్గుతుంది. మ్యూనిక్ చుట్టుపక్కల ఆటోబాన్ మీదే తిరిగేవాళ్ల అవసరం వేరు, ఆల్ప్స్ కొండలెక్కేవాళ్ల అవసరం వేరు. ఎక్కడ నడుపుతారన్నదే మొదటి ప్రశ్న. కారు ఎలా కనపడాలన్నది ఆఖరిది.

మరి అందరూ చిన్న చక్రానికే వెళ్లొచ్చుగా? అక్కడే దూకుడు కార్లు మొరాయిస్తాయి. గంటకు 250 కి.మీ. వేగంలో వెళ్లే కారుని ఆపడానికి పెద్ద పెద్ద బ్రేకు డిస్కులూ, కాలిపర్లూ ఉంటాయి. రిమ్ము మరీ చిన్నదైతే కాలిపర్‌కి రాసుకుంటుంది, లేదా అసలు ఎక్కనే ఎక్కదు. అందుకే కారుతో వచ్చే పుస్తకంలో కంపెనీ ఒప్పుకున్న అతి చిన్న సైజు ఏదో చూసి, అక్కడ ఆగాలి.

కొన్ని కార్లకు ముందు చక్రాలు ఒక సైజు, వెనకవి మరో సైజు. 2000లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం3కి ముందు 225/45 ఆర్18, వెనక 255/40 ఆర్18. 2019 నాటి పోర్షా 911 కరేరాకి ముందు 19, వెనక 20 అంగుళాల చక్రాలు. ఇలాంటివాటికి ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చుకునే వీల్లేదు. నాలుగూ ఒకే సైజు వేసేస్తే పోలా అనుకోవడానికీ లేదు. కంపెనీ అనుమతిస్తేనే ఆ పని చేయాలి. నాలుగు చక్రాలకూ శక్తి అందే కార్లలో ముందు వెనక టైర్ల చుట్టుకొలతల మధ్య నిష్పత్తి తప్పితే గేర్ల వ్యవస్థ దెబ్బతింటుంది.

రిమ్ము సంగతులు

మంచు కరగడానికి ఐరోపాలోనూ అమెరికాలోనూ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఇనుముకే కాదు, అల్యూమినియానికీ ఉప్పు శత్రువే. ముఖ్యంగా లేతు మీద చెక్కి మెరుగుపెట్టి, పైన పలచటి లక్క పూత వేసిన రిమ్ములుంటాయి. చిన్న రాయి తగిలి ఆ పూత లేచిందంటే ఉప్పునీరు లోపలికి చేరి తెల్లటి చారలు పాకుతాయి. అందుకే చలికాలానికి మొత్తం రంగు వేసిన, తక్కువ ఊచలున్న, కడగడానికి వీలైన సాదా రిమ్ములు మేలు. ఖరీదైన జత గ్యారేజీలో భద్రంగా ఉంటుంది.

రిమ్ము కొనేటప్పుడు వ్యాసం ఒక్కటే చూస్తే చాలదు. బోల్టుల వరస కుదరాలి. ఫోక్స్‌వ్యాగన్, ఆడిలకు ఎక్కువగా 112 మి.మీ. వృత్తంలో అయిదు బోల్టులు. పాత బీఎండబ్ల్యూలకు 120. పోర్షాకి 130. మధ్య రంధ్రం హబ్బుకి సరిపోవాలి. రిమ్ము లోపలికో బయటికో ఎంత జరిగి ఉండాలో చెప్పే 'ఆఫ్‌సెట్' అంకె కలవాలి. బోల్టు కూర్చునే గుంత కొన్ని రిమ్ములకు గుండ్రంగా, కొన్నిటికి గరాటులా ఉంటుంది. ఒకదాని బోల్టు ఇంకోదానికి వాడితే బిగిసినట్టే అనిపించి, దారిలో వదులవుతుంది. అందుకే టార్క్ రెంచితో కంపెనీ చెప్పినంతే బిగించి, 50 కి.మీ. తిరిగాక మరోసారి సరిచూడాలంటారు మెకానిక్కులు.

కొండా... మంచుపువ్వూ

దుకాణంలో టైరు పక్కన చూడాల్సిన గుర్తు ఒకటుంది. మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచుపువ్వు. 1999లో ఉత్తర అమెరికాలో మొదలైన ఈ గుర్తు, మంచు మీద పరీక్షకు నిలిచిన టైర్లకే ఇస్తారు. 'ఎం ప్లస్ ఎస్' అని మరో ముద్ర ఉంటుంది. అంటే బురద, మంచు అని. దానికి అలాంటి పరీక్షేమీ అక్కర్లేదు. మనదేశంలో అమ్మే కొన్ని ఎస్‌యూవీ టైర్ల మీదా ఆ ముద్ర కనిపిస్తుంది. అది చూసి మంచులోకి దూకితే అంతే సంగతులు!

జర్మనీలో రోడ్డు మీద మంచో గడ్డో ఉన్నప్పుడు తగిన టైర్లు లేకుండా కారు నడపకూడదని 2010లో నిబంధనను కచ్చితం చేశారు. తప్పితే కనీసం 60 యూరోల జరిమానా, లైసెన్సు ఖాతాలో ఒక పాయింటు. 2024 అక్టోబరు నుంచి అక్కడ కొండగుర్తు ఉన్న టైర్లే చెల్లుతాయి. కెనడాలోని క్యూబెక్‌లో అయితే వాతావరణంతో పనిలేదు. అక్కడ రిజిస్టరైన కార్లకు డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలి టైర్లు తప్పనిసరి. ఆస్ట్రియాలో చలి టైరు ట్రెడ్డు లోతు 4 మి.మీ. కంటే తగ్గితే దాన్ని చలి టైరుగానే లెక్కించరు.

టైరు మీద వేగాన్ని సూచించే అక్షరం ఉంటుంది. హెచ్ అంటే గంటకు 210 కి.మీ., వి అంటే 240, డబ్ల్యూ అంటే 270. దూకుడు కార్ల వేసవి టైర్లకు 300 కి.మీ. దాకా తట్టుకునే వై ఉంటుంది. చలి టైర్లలో అంత వేగానికి దొరకడం కష్టం. అందుకే ఐరోపాలో ఓ వెసులుబాటు ఉంది. చలి టైరు వేగ పరిమితి కారు వేగం కంటే తక్కువైనా ఫర్వాలేదు. ఆ పరిమితి ఎంతో డ్రైవరు కళ్లెదుట స్టిక్కరు అంటించుకోవాలి. అంతకు మించకూడదు.

నోకియా ఊరి టైరు

ఈ టైర్లకు పుట్టిల్లు ఫిన్లాండ్. 1934లో అక్కడి రబ్బరు కంపెనీ లారీల కోసం మొదటి చలి టైరు తయారుచేసింది. 1936లో కార్ల కోసం 'హక్కపెలిట్ట' తెచ్చింది. ముప్ఫై ఏళ్ల యుద్ధంలో పోరాడిన ఫిన్నిష్ గుర్రపు దళం పేరది. ఆ టైర్లను ఇప్పుడు తయారుచేస్తున్న కంపెనీ నోకియన్. పేరు ఎక్కడో విన్నట్టుందా? మన చేతుల్లో మోగిన నోకియా ఫోన్లకూ, ఈ టైర్లకూ పేరిచ్చింది ఒకే ఊరు. 1967 నుంచి 1988 దాకా రెండూ ఒకే సంస్థ గొడుగు కింద ఉండేవి.

ఒకప్పుడు మంచుగడ్డ మీద పట్టు కోసం టైర్లకు ఇనప మేకులు దిగ్గొట్టేవారు. ఫిన్లాండ్, స్వీడన్‌లలో ఇప్పటికీ వాడతారు. జపాన్‌లో ఆ మేకులు తారురోడ్లను గీకి, సెండాయ్ లాంటి నగరాల్లో దుమ్ము లేపడంతో 1990లో చట్టం చేసి అడ్డుకట్ట వేశారు. అంతకు ముందే 1988లో బ్రిడ్జ్‌స్టోన్ అక్కడ 'బ్లిజాక్' టైరు తెచ్చింది. దాని రబ్బరులో స్పాంజిలా సన్నటి గదులుంటాయి. గడ్డ మీది నీటిపొరను పీల్చుకుని పట్టు ఇస్తాయవి. మేకు అక్కర్లేకుండా మంచు మీద నడవడం అలా సాధ్యమైంది.

మంచి టైరు ఉంటే మంచు మీద ఏం చేయొచ్చో ఫిన్లాండ్‌లోనే రుజువైంది. 2011లో ర్యాలీ వీరుడు యుహా కంకునెన్ గడ్డకట్టిన సముద్రం మీద బెంట్లీ కారుని గంటకు 330.695 కి.మీ. వేగంతో నడిపాడు. 2013లో నోకియన్ డ్రైవరు యానె లైటినెన్ మేకుల టైర్లు తొడిగిన ఆడి ఆర్ఎస్6తో 335.713 కి.మీ. అందుకున్నాడు. ఆ ప్రయోగాలకు కిలోమీటర్ల కొద్దీ ఖాళీ మంచు మైదానం ఉంది. ఊళ్లో రోడ్డుకి ఆ వీలుండదు.

చక్రాలకో హోటల్!

నాలుగు చక్రాలు విప్పితే ఎక్కడ పెట్టాలి? అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఇదో సమస్య. దీనికీ జర్మన్లు దారి కనిపెట్టారు. దాని పేరు 'టైర్ల హోటల్'. సీజన్‌కింత అద్దె కడితే దుకాణంవాళ్లే చక్రాలు కడిగి, లోతు కొలిచి, అరల్లో భద్రపరుస్తారు. ఇంట్లో పెట్టుకునేవాళ్లు విప్పేటప్పుడే ఏ చక్రం ఎక్కడిదో సుద్దముక్కతో రాసుకుంటారు. రిమ్ముతో ఉన్నవాటిని ఒకదాని మీద ఒకటి పేర్చొచ్చు. రిమ్ము లేని టైర్లను నిలబెట్టి ఉంచాలి. ఎండా, నూనే తగలకూడదు.

రెండు జతలంటే రెట్టింపు ఖర్చు కదా అనిపిస్తుంది. నిజానికి ఒక జత తిరిగేటప్పుడు ఇంకోటి అరగదు. రెండూ ఎక్కువ కాలం వస్తాయి. ఉన్న రిమ్ముల మీదే ఏటా రెండుసార్లు టైర్లు ఊడదీసి ఎక్కించే కూలీ తప్పుతుంది. ఈమధ్య అన్ని కాలాలకూ పనికొచ్చే టైర్లూ మెరుగయ్యాయి. 2015లో వచ్చిన మిషెలిన్ 'క్రాస్‌క్లైమేట్'కి కొండగుర్తు కూడా ఉంది. మంచు అరుదుగా పడే చోట మామూలు కారుకి అవి చాలు. వేసవిలో రేసు ట్రాకు స్థాయి పట్టూ, చలిలో కొండదారి పట్టూ రెండూ కావాలంటే మాత్రం రెండు జతలే దిక్కు.

కొనేముందు...

* కారు పుస్తకంలో కంపెనీ అనుమతించిన చలికాలం సైజులు చూడాలి. అందులో అతి చిన్న రిమ్ముతో మొదలుపెట్టాలి.
* మంచు గొలుసులు ఏ సైజుకి పడతాయో అందులోనే ఉంటుంది. వెడల్పాటి టైర్లకు గొలుసు పట్టే చోటుండదు.
* పోర్షాకి 'ఎన్' అక్షరం, బీఎండబ్ల్యూకి నక్షత్రం, మెర్సిడెస్‌కి 'ఎంఓ'... ఇలా ఆ కారు కోసమే పరీక్షించిన టైర్లకు గుర్తులుంటాయి. అవి దొరికితే మంచిది.
* గాలి పీడనం చెప్పే సెన్సర్లు రెండో జతకీ ఉండాలి.
* ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పడిపోతే పీడనం సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. చలికాలమంతా గాలి చూసుకుంటూ ఉండాలి.
* టైరు మీది చివరి నాలుగంకెలు తయారైన వారం, ఏడాది. 3524 అంటే 2024లో 35వ వారం.

ఇక్కడ మనకేంటి సంబంధం?

హైదరాబాద్, విజయవాడ ఎండలకు చలి టైర్లతో పనిలేదు. వేడి రోడ్డు మీద అవి త్వరగా అరుగుతాయి, బ్రేకు వేస్తే ఆగడమూ ఆలస్యమే. కానీ ఉద్యోగానికో చదువుకో డెట్రాయిట్, టొరంటో, మ్యూనిక్ వెళ్లిన పిల్లలు మన ఇళ్లలో ఎంతోమంది. సంపాదన మొదలవగానే కలల కారు కొనుక్కుని, దాని పక్కన నిలబడి ఫొటో పంపుతారు. మంచు ఎరగని ఊళ్లో డ్రైవింగు నేర్చుకున్నవాళ్లకు మొదటి చలికాలమే పెద్ద పరీక్ష. మనాలీ, రోహ్‌తాంగ్ వైపు సెలవులకు వెళ్లే కుటుంబాలకూ ఈ సంగతి తెలియాలి. అక్కడ హిమపాతం ఎక్కువైతే గొలుసులున్న బళ్లనో, నాలుగు చక్రాలకూ శక్తి అందే బళ్లనో మాత్రమే పోలీసులు ముందుకు పోనిస్తుంటారు. 'మన బండికేమైంది' అని వాళ్లతో వాదనకు దిగకపోవడమే తెలివి.

ఈసారి అబ్బాయో అమ్మాయో కొత్త కారు ఫొటో పంపితే ఎంత స్పీడు వెళ్తుందని అడగడం సరే. 'చలికాలం టైర్లు కొన్నావా?' అని కూడా ఓ మాట అడగండి.